బెల్లం రంగు మీద ఆకుపచ్చ చుక్క

తెర మీద రంగు చూసి మురిసిపోయే పిల్లల్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరయ్యాక కూడా నన్ను పాఠం చెప్పమని పిలిచేవాళ్ళు ఉన్నారు, అప్పుడప్పుడు వెళ్తుంటాను. వెళ్ళిన ప్రతిచోటా ఎవరో ఒకరు లాప్‌టాప్ నా వైపు తిప్పి, "మేడమ్, రెండు రంగులు కలిపి మూడోది తెచ్చాను, చూడండి" అంటారు. బాగుందంటాను. మెషిన్ మీద చూశావా అని అడుగుతాను. ఫైలు పంపించేశాను మేడమ్ అంటారు. అక్కడితో నా ఓపిక అయిపోతుంది.

వాళ్ళకోసమే ఇది రాస్తున్నాను. రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు బడిలో నేర్చినవి కావు. మాది కోవిల్‌పట్టి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. ఆంధ్రాకు పోయే అగ్గిపెట్టెల మీదా, ఏళాయిరంపన్నై టపాకాయల లేబుళ్ళ మీదా తెలుగు పేర్లు వేయాల్సి వచ్చి, పనిలో పడ్డాక ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

నేను పనిచేసింది విరుదునగర్‌లో ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో. డిజైన్ గది నాది. రోజూ పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కి, సాయంత్రం అదే దారిన తిరిగి వచ్చేదాన్ని. మా యజమాని నాకంటే చిన్నవాడు, తండ్రి పోయాక ప్రెస్సు ఆయన చేతికొచ్చింది. అందరం ముదలాళి అని పిలిచేవాళ్ళం. యజమానులను మా వైపు అట్లాగే పిలుస్తారు. మెషిన్ నడిపే ఆయన మా అందరిలోకీ పాతకాపు. నేనూ ఆయన్ని అన్నా అనే పిలిచేదాన్ని. మా ముగ్గురి ఇంటి భాషా తెలుగే కాబట్టి, బయటివాళ్ళ ముందు తమిళంలో మర్యాదగా ఉండి, తలుపు మూసుకున్నాక తెలుగులో పోట్లాడుకునేవాళ్ళం.

అన్నకూ నాకూ పడేది కాదని కాదు. ఒకరి పని మీద ఒకరికి గౌరవం ఉండేది. ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం తక్కువ. నేను కంప్యూటర్‌లో గీసింది మెషిన్ ఎక్కేలోగా ఎక్కడో చెడుతుందని ఆయన ఆలోచన, ఆయన దగ్గర చెడుతుందని నా ఆలోచన. ఈ కథలో ఇద్దరి ఆలోచనా నిజమే అయింది.

ఒకరోజు ఒక అమ్మాయి మా గదికి వచ్చింది. అరుప్పుకోట్టైలో మాలాగే తెలుగు మాట్లాడే మగ్గాల ఇంట్లో పుట్టి, కోవిల్‌పట్టిలో మరమగ్గాల ఇంటికి కోడలిగా వచ్చింది. నేత మీద నాలుగు మెతుకులు పుట్టని కాలం వచ్చేసరికి, మొగుడూ పెళ్ళామూ మగ్గాలు అమ్మేసి కడలమిట్టాయి పెట్టుకున్నారు. మీరు పల్లీ పట్టీ అంటారే, అదే. కోవిల్‌పట్టిలో అది వీధికొకరు చేస్తారు. ఆ గుంపులో కొత్తగా దూరి నిలదొక్కుకోవడం ఆషామాషీ కాదు. ఈ అమ్మాయికి మాత్రం అదృష్టం కలిసొచ్చి, చెన్నైలో పెద్ద మిఠాయి దుకాణంవాళ్ళు సరుకు అడిగారు. వాళ్ళ మనిషి వచ్చి, తయారైన పెట్టెలు కళ్ళారా చూసి, సరే అంటే లారీ ఎక్కించుకుపోతాడు. కాదంటే అంతే సంగతి, మగ్గాలు కూడా లేవు తిరిగి పోవడానికి.

"రెండు రంగులకే మాకు తాహతు అక్కా," అంది ఆ అమ్మాయి. "ఐతే సూసేదానికి మూడు నాలుగు రంగులున్నట్ల ఉండల్ల."

ఇట్లాంటి పని నాకు ఇష్టం. రెండు డబ్బాల ఇంకు, రెండు ప్లేట్లు. వాటితోనే మూడో రంగు పుట్టించాలి. ఒకటి బెల్లం రంగు తీసుకున్నాను, నారింజకూ ఎరుపుకూ మధ్యది. రెండోది ఆకుపచ్చ. బెల్లం రంగు పెట్టెంతా పరుచుకుంటుంది. దాని మీద ఆకుపచ్చ ఇంకుతో అక్షరాలు ఎక్కిస్తే రెండూ కలిసి ముదురు గోధుమ రంగొస్తుంది, కాఫీ గింజలాగా. అది మూడో రంగు, ఖర్చు లేకుండా వచ్చేది. ఒక ఇంకు మీద ఇంకొకటి ఇట్లా ఎక్కించడాన్ని ఓవర్‌ప్రింట్ అంటాం. వేరుశనగ ఆకుల బొమ్మ దగ్గర మాత్రం బెల్లం రంగులో ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో ఆకుపచ్చ ఒక్కటే పడి ఆకులు ఆకుల్లాగే ఉంటాయి.

ఇంకొక చోట కూడా ఖాళీ వదిలాను. తినే వస్తువుల పెట్టె మీద ఒక చిన్న చదరం, అందులో చుక్క ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, గోధుమ రంగు చుక్క మాంసాహారానికి. ఇప్పుడు మాంసాహారానికి త్రికోణం పెడుతున్నారు కానీ, నేను చెప్పే రోజుల్లో రెంటికీ గుండ్రం చుక్కే, తేడా అంతా రంగులోనే. ఆ చుక్క కింద బెల్లం రంగు ఉండకూడదు.

ఫైలు తయారైంది. ప్లేట్లు మేము బయట చేయించేవాళ్ళం. ఫైలు పంపించి, రంగు ప్రింటు మీద ఆ అమ్మాయి సంతకం తీసుకుని, నేను వేరే పనిలో పడ్డాను. అన్న ఆ సాయంత్రం, నేను రైలుకు వెళ్ళిపోయాక, బెల్లం రంగు ప్లేటు ఎక్కించి అట్టలన్నీ ఒక వరస కొట్టేశాడు. మాది ఒక్క రంగు మెషిన్. ఇవాళ ఒక రంగు, ఆరాక రేపు రెండోది.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి ఆకుపచ్చ నడుస్తోంది. ఐప్పసి, మా వైపు వానల నెల, ఆకాశం మబ్బుగా ఉంది, లోపల దీపాలు వేసుకున్నారు. టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి, ఒకసారి చూసొద్దామని మెషిన్ గదిలోకి వెళ్ళాను. అన్న మొహం వెలిగిపోతోంది. ఒక షీటు తీసి వెలుతురుకు పట్టి చూపించాడు.

"సూడు, అక్షరాలు ఎట్ల వచ్చినాయో. నీ కంప్యూటరులో ఇంత బాగుండెనా?"

అక్షరాలు నిజంగానే బాగున్నాయి. వాటి పక్కన వేరుశనగ ఆకులు చూశాను. వాన రాక ఎండిపోయిన చేనులాగా ఉన్నాయి, గోధుమ రంగులో. నా కళ్ళు వాటంతట అవే మూలకు పోయాయి. చదరం గోధుమ రంగు. చుక్క గోధుమ రంగు.

మెషిన్ ఆపమన్నాను. శబ్దంలో ఆయనకు వినపడలేదు. నేనే వెళ్ళి ఎర్ర బటన్ నొక్కాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ప్రెస్సులో ఉన్నాను, ఆయన మెషిన్ మీద నేను చెయ్యి వేయడం అదే మొదటిసారి.

"ఏమిటికి ఆపితివి?" అన్నాడు, మండిపడుతూ.

"అన్నా, ఈ చుక్క కింద ఖాళీ ఏది? నేను వదిలిపెట్టాను కదా."

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ప్లేటు వాళ్ళకు నేనే ఫోను చేసి సెప్తిని, పైరంగు అంతా ఓవర్‌ప్రింటు పెట్టమని. ఎప్పుడూ అట్లనే కదా చేస్తాము."

ఎప్పుడూ అట్లనే చేస్తాం, నిజమే. అది మా ప్రెస్సు అలవాటు, అగ్గిపెట్టె లేబుళ్ళ కాలం నుంచీ వచ్చింది. పాత మెషిన్, అట్ట కాస్త అటూ ఇటూ జరుగుతుంది. కింద రంగులో ఖాళీ వదిలితే, పైరంగు సరిగ్గా దాంట్లో కూర్చోక అంచున తెల్లగీత కనిపిస్తుంది. అందుకని ఖాళీ మాటే వద్దు, పైది పైన ఎక్కించెయ్ అని ఆయన పద్ధతి. లేబుళ్ళలో కింద ఉండేది దాదాపు ఎప్పుడూ పసుపే. పసుపు మీద ఎరుపు వేస్తే ఎరుపే, ఆకుపచ్చ వేస్తే ఆకుపచ్చే. ఏ ఇబ్బందీ రాలేదు. ఈసారి కింద ఉన్నది బెల్లం రంగు. మా తెర మీదా, గదిలో తీసిన రంగు ప్రింటులోనూ ఆకుపచ్చగానే కనిపించింది, ఎందుకంటే ఆయన మార్పు చెప్పింది నా ఫైలు నా చేయి దాటాక.

చెప్తే ఆయనకు వెంటనే అర్థమైంది. తెలివి తక్కువ మనిషి కాదు. షీటును చేత్తో పట్టుకుని చుక్క వైపే చూస్తూ నిలబడ్డాడు, మొహంలో వెలుగంతా పోయింది. నాకు ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

ముదలాళి వచ్చాడు. మెషిన్ ఆగితే ఆయనకు ఎక్కడున్నా తెలిసిపోతుంది. విషయం విని షీటు తీసుకుని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు.

"శనగ గింజంత చుక్క అక్కా. దీన్ని ఎవరు సూస్తారు? నడపండి."

"కొనేవాడు చూస్తాడు ముదలాళీ. శాకాహారం దుకాణం వాళ్ళది."

"కడలమిట్టాయిలో కోడి ఉంటాదని ఎవరన్నా అనుకుంటాడా?"

ముదలాళి గొంతు తగ్గించి, "అట్ట అంతటికీ బెల్లం రంగు కొట్టేసినాము, మళ్ళ తెప్పించేదానికి టైము లేదు. ఆ పాపకు రేపే చెన్నై ఆయప్ప వస్తుండాడు. పెట్టె లేకుండా పోయేదానికంటే ఈ పెట్టె మేలు కదా. నువ్వు ఫోను గీను చెయ్యద్దు," అన్నాడు.

ఆయన్ని చెడ్డవాడని అనను. ఆయన చెప్పిన లెక్క ఆయనకు నిజంగానే సబబుగా తోచింది. నాకు తోచలేదు. నా గదికి వెళ్ళి తలుపు వేసుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పెట్టెలో ఒక ఇబ్బంది ఉంది, వెంటనే బయలుదేరి రా అన్నాను. వివరం ఫోన్‌లో చెప్పలేదు.

బస్సులో వచ్చింది. పాకం దగ్గర నుంచి లేచి అలాగే వచ్చేసినట్టుంది, చీరంతా బెల్లం వాసన. ముదలాళి నా కంటే ముందు ఎదురెళ్ళి షీటు చేతికిచ్చాడు. నేను ఫోన్ చేశానని ఆయనకు అప్పటికే తెలిసిపోయింది. నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆ అమ్మాయి షీటు రెండు చేతులా పట్టుకుని చూసింది. మొహం విప్పారింది.

"బలే ఉండాది అక్కా. ఈ కాఫీ రంగు అక్షరం ఎంత బాగుండాది. ఏమి ఇబ్బంది అంటిరి? ఆకులు కొంచెం వాడినట్ల ఉండాయి, పరవాలేదులే."

చుక్క చూడలేదు. ముదలాళి నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. చూశావా, సొంతదారుకే కనపడలేదు అని ఆ ఎగరేయడం. అన్న రోలర్ల దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడి నా నోటివైపు చూస్తున్నాడు. ఆ క్షణంలో నేను నోరు మూసుకుంటే ముగ్గురికీ శాంతి. ఆ అమ్మాయి నవ్వుతూ ఇంటికి పోతుంది. రేపు పొద్దున వరకూ నవ్వుతూనే ఉంటుంది.

"మూలకు చూడు తల్లీ," అన్నాను.

చూసింది. బొటనవేలితో ఆ చుక్కను తుడిచింది, మరక అయితే పోతుందేమో అన్నట్టు. పోలేదు. మళ్ళీ తుడిచింది.

"ఆయప్ప పెట్టె చేతికి తీసుకుంటానే తిప్పి ఈ బొట్టే మొదట సూస్తాడు," అంది మెల్లగా. "మా పక్కవీధివాళ్ళ సరుకు చూసేప్పుడు నేనుంటిని. మిట్టాయి కూడా నోట్లో ఏసుకోలేదు, ముందు బొట్టు సూసినాడు."

అన్న ముందుకొచ్చి, ఆకుపచ్చలో చిక్కదనం పెంచి చూస్తానన్నాడు. చూశాడు. రోలర్లు కడిగి, ఇంకు మార్చి, షీటు వేశాడు. గోధుమ రంగు పోయి బురద రంగు వచ్చింది. మళ్ళీ కడిగాడు, ఇంకొంచెం మార్చాడు. ఈసారి పాత ఇత్తడి చెంబు అడుగు రంగు. నారింజ మీద ఏ ఆకుపచ్చ పల్చగా వేసినా ఆకుపచ్చ కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా చేస్తూ పోయాడు, ఊరికే నిలబడలేక.

ముదలాళి స్టిక్కర్లు వేద్దామన్నాడు. ఆకుపచ్చ చుక్కల స్టిక్కర్లు మార్కెట్లో దొరుకుతాయి, ఆడవాళ్ళని పెట్టి అంటిద్దాం అన్నాడు. వినడానికి బాగానే ఉంది.

"వద్దు ముదలాళీ," అంది ఆ అమ్మాయి. "ఆయప్ప గోటితో గీకి సూస్తాడు. కింద కాఫీ రంగు బొట్టు కనపడితే, నేను దాచి అమ్ముతుండాను అనుకుంటాడు. తప్పు పడిన పెట్టె కన్నా అది పెద్ద తప్పు."

అది నిజం. ఆ అమ్మాయి ఇంట్లో పాకం పోసి ముక్కలు కోస్తున్నారు, మబ్బు రోజుల్లో బెల్లం చెమ్మ పడుతుంది, సంచుల్లో కట్టి పెట్టెల్లో మూసేయకపోతే రేపటికి కరకరలాడదు. పెట్టె లేకపోతే మిఠాయి కూడా పోతుంది. నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఇంత చిన్న చుక్క ఒక ఇంటిని ముంచుతుందని తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఏడవలేదు.

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ షీటును ఊరికే తిప్పింది. మగ్గాల ఇళ్ళవాళ్ళకు అదొక అలవాటు. ఏ గుడ్డ చేతికొచ్చినా ముందు వెనక వైపు చూస్తారు, పోగులెట్లా ముడిపడ్డాయో అక్కడే తెలుస్తుంది. గుడ్డ మీద ఉన్న అలవాటు అట్ట మీదా చూపించింది. మా అట్ట వెనక వైపు బూడిద రంగు, గరుకుగా ఉంటుంది.

"ఈ ఎనక పక్క ఏమిటికి వాడకూడదు?" అంది.

ముదలాళి నవ్వబోయి ఆగాడు. అన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అట్ట వెనక వైపు వాడాలని మాకు తట్టలేదు. వెనక అంటే మాకు లోపల, లోపల అంటే లెక్కలేనిది. బెల్లం రంగు ఇటు ఉంటే, అటు వైపు ఏ రంగూ లేదు. ఆకుపచ్చ ప్లేటు ఒక్కటే అటు వేస్తే, అక్షరాలూ ఆకులూ చుక్కా అన్నీ ఆకుపచ్చే. పెట్టె తిరగేసి మడిస్తే బెల్లం రంగు లోపలికి పోతుంది. మిఠాయి ఎట్లాగూ ముందే సంచుల్లో ఉంటుంది, ఇంకు అంటదు.

"ఐతే ఆకుపచ్చ పడని అట్టలు మాత్రమే," అన్నాను. "పడినవాటిని తిప్పితే లోపల ఆ చుక్క ఉంటుంది."

సగానికి పైగా అట్టలు ఇంకా ఆకుపచ్చ పడకుండా ఉన్నాయి. నేను ఆ పొద్దున బటన్ నొక్కడం వల్ల మిగిలినవి అవి. ముదలాళి మాత్రం, "అన్నీ తిప్పండి. పెట్టె లోపల ఎవడు తల పెట్టి సూస్తాడు?" అన్నాడు.

ఆ అమ్మాయి ఆయన కళ్ళలోకి చూసి, "నాకు అవి వద్దు. తక్కువైతే తక్కువే ఇస్తాను, ఆయప్పకు సెప్పి ఇస్తాను," అంది. అంతసేపూ మెల్లగా మాట్లాడిన పిల్ల అది. ముదలాళి చేతిలో షీటు బల్ల మీద పెట్టేశాడు.

అన్న ప్లేటు మళ్ళీ ఎక్కించాడు. మొదటి షీటు వచ్చింది. బూడిద అట్ట ఇంకును పీల్చేసుకుని, ఆకుపచ్చ నల్లబడిపోయింది. దూరం నుంచి చూస్తే నల్ల చుక్క. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"తెల్ల ఇంకు కలపల్ల," అన్నాడు అన్న. "చవక అట్ట మీద లేబుళ్ళకు అట్లనే కదా చేస్తాము."

తెల్ల ఇంకు కలిపితే కింది అట్ట రంగు పైకి రాదు, నిజమే. కలిపాడు. ఈసారి పాచి పట్టిన గోడ రంగు వచ్చింది. నేను పసుపు కలపమన్నాను. పసుపు కలిపితే చిలకాకుపచ్చ అవుతుందని ఆయన అన్నాడు. ఇద్దరం ఇంకు కలిపే బండ దగ్గర నిలబడి, ఆ అమ్మాయి ముందే తెలుగులో తిట్టుకున్నాం. ఆఖరికి ఆయన మాటా నా మాటా కొంచెం కొంచెం నెగ్గాయి. కత్తితో కలిపి, వేలికి అద్దుకుని అట్ట మీద రుద్ది, కిటికీ దగ్గరికి పోయి చూసి, మళ్ళీ కలిపాడు. మెషిన్ ఎక్కించాడు. షీటు వచ్చింది.

ఆకుపచ్చ. పొలంలో లేత వేరుశనగాకు రంగు కాదు, కొంచెం ముదురు. కానీ ఎవరు చూసినా ఆకుపచ్చ అనే అంటారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్న ఊపిరి వదిలి, నడపనా అన్నట్టు ఆ అమ్మాయి వైపు చూశాడు, నా వైపు కాదు. ఆమె తలూపింది.

మధ్యాహ్నం ఎవరూ భోజనం చేయలేదు. బూడిద అట్ట ఇంకును తొందరగా పీల్చుకోవడం అప్పుడు మేలైంది, తొందరగా ఆరింది. కోత మెషిన్ మీద వేస్తే మడత దగ్గర అట్ట నార లేచింది, అంచులు కొంచెం విరిగినట్టున్నాయి. ఏం చేస్తాం, అట్ట నునుపు వైపు లోపలికి పోయింది మరి. అతికించే ఆడవాళ్ళతో పాటు ఆ అమ్మాయీ నేలమీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఇంకా వెలుతురుండగానే పెట్టెలు వ్యానులోకి ఎక్కించాం. నాకూ అదే దారి కాబట్టి, రైలు మానేసి వ్యానులో ఆమె పక్కన కూర్చున్నాను.

సాత్తూరు దాటేవరకూ ఆమె వేళ్ళ మీద పెట్టెల లెక్క వేసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత, "అక్కా, ఆయప్ప ఏమిటికి ఇంత నాసిగా ఉండాది పెట్టె అంటే ఏమి సెప్పేది?" అని అడిగింది.

"జరిగింది చెప్పు."

"జరిగింది సెప్తే నమ్ముతాడా?"

నమ్ముతాడని నేనెట్లా చెప్పను? వ్యాను వెనకాల పెట్టెలు ఒకదానికొకటి రాసుకుంటున్న శబ్దం వింటూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ప్రెస్సుకు వెళ్ళకుండా వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ముందు గది మగ్గాలున్న గది, నేలలో మరమగ్గాల బోల్టుల గుంటలు పూడ్చిన గుర్తులు ఇంకా ఉన్నాయి. చెన్నై మనిషి అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, ఎక్కువ మాట్లాడని రకం. పెట్టె చేతికి తీసుకుని, చెప్పినట్టే తిప్పాడు. చుక్క చూశాడు. గోటితో గీకాడు కూడా. అప్పుడు పైకి తిప్పి, బూడిద అట్టను వేళ్ళతో తడిమి, రంగు పెట్టె అని చెప్పారు కదా, ఇదేంటి అని తమిళంలో అడిగాడు.

ఆ అమ్మాయి మొగుడు నోరు తెరిచాడు. ఆమె ఆపి, తానే పెట్టె మూత తీసి, లోపలి బెల్లం రంగు చూపించింది. అచ్చులో పొరపాటు వచ్చి చుక్క రంగు మారిందని, ఆ పెట్టెలు పక్కన పడేశామని, ఇవి తిరగేసి వేయించినవని, అందుకే అడిగినదానికంటే సరుకు తక్కువ ఉందని చెప్పింది. చెడిపోయిన షీటు ఒకటి మడిచి తెచ్చుకుంది, అదీ విప్పి ముందు పెట్టింది. నేను ఆమెకు ఆ సలహా ఇవ్వలేదు. నేనైతే అంతవరకూ చెప్పేదాన్ని కాదేమో.

ఆ మనిషి ఆ షీటును చాలాసేపు చూశాడు. పెట్టెలోంచి ఒక ముక్క తీసుకుని కొరికాడు. కరకరమంది. ఉన్నంత సరుకూ ఎక్కించండి, మిగిలింది వచ్చే నెల పంపండి, పెట్టె మాత్రం ఈసారి సరిగ్గా వేయించండి అన్నాడు. అంతే. లారీవాడికి ఫోన్ చేయడానికి లేచి బయటికి వెళ్ళాడు.

ఆమె మొగుడు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నాకు సంతోషంతో పాటు కొంచెం గర్వం కూడా వచ్చింది, దాచడమెందుకు. మెషిన్ ఆపింది నేను. ఫోన్ చేసింది నేను. ముదలాళి చూపు భరించింది నేను. ఆ అమ్మాయి ఒక మంచి మాట అంటుందని ఎదురుచూస్తూ వాకిట్లో చెప్పులేసుకున్నాను.

ఆమె వెనకాలే వచ్చి, కాగితంలో మిఠాయి చుట్టి నా చేతిలో పెట్టింది.

"అక్కా, వచ్చే నెల పెట్టె వేరే చోట వేయించుకుంటాము. మీ మీద కోపం లేదు."

ఆకుపచ్చ తెప్పించాం కదా అన్నాను.

"తెప్పిస్తిరి. మీరు లేకపోతే నేను ఈ పొద్దు వీధిలో ఉందును," అంది. "ఐతే నిన్న పొద్దున మీరు ఆ గదిలోకి పోకుండా మీ పని మీరు సూసుకుని ఉంటే, ఈ పొద్దు ఆయప్ప చేతిలో ఏ పెట్టె ఉండును అక్కా?" అని అడిగింది.

నిష్ఠూరంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. లోపల ఎవరో పాకం పొంగుతోందని పిలిస్తే, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

బస్సెక్కి విరుదునగర్ వెళ్ళాను. సరుకు వెళ్ళిందని చెప్తే ముదలాళి టీ తెప్పించాడు, అన్న రెండు చేతులూ జోడించి దేవుడి పటం వైపు తిరిగాడు. వచ్చే ఆర్డరు ఎప్పుడిస్తుందంట అని ముదలాళి అడిగాడు. ఇవ్వదన్నాను. ఎందుకని అడిగితే, ఆమె నన్ను అడిగింది అడిగినట్టుగా చెప్పాను. అన్న మెల్లగా గుడ్డ తీసుకుని రోలర్ల దగ్గరికి వెళ్ళాడు. ముదలాళి టీ గ్లాసు చేత్తో తిప్పుతూ కూర్చున్నాడు, తాగలేదు.

నేను ఆ ప్రెస్సులో ఉన్నంతకాలం ఆ ప్రశ్నకు మేం ముగ్గురం తలా ఒక జవాబు చెప్పుకుంటూ వచ్చాం. వాటిలో ఏదీ ఆమె మొహం చూసి చెప్పగలిగేది కాదు.